కురచ తోక ఆర్డర్లు

మా సంస్థలో ప్రతి ఆర్డరుకీ ఒక తోక ఉంటుంది. తోక పొడుగ్గా ఉంటే ఆర్డరు అమలవుతుంది. కురచగా ఉంటే బీరువాలో పడుకుంటుంది. ఇందులో నవ్వాల్సిందేమీ లేదు. ప్రకృతిలో కూడా ఇంతేనట. మేం కప్పని చూసి నేర్చుకున్నాం.

గుంటూరు దాటాక మిరప చేల మధ్య ఉంటుంది మా ఉభయచర పరిశోధనా కేంద్రం. నీళ్లలోనూ నేల మీదా బతికే జీవుల మీద ఇక్కడ పరిశోధన జరుగుతుంది. చుట్టుపక్కల రైతులు మాత్రం దీన్ని కప్పల కంపెనీ అంటారు. నా పేరు భీమశంకరం. ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షను సూపరింటెండెంటుని. కప్పల గురించి నాకేమీ తెలీదు, కాగితాల గురించి తెలీనిదేమీ లేదు.

ఈ వేసవి మొదట్లో మాకు కొత్త డైరెక్టరు వచ్చారు. పరాంకుశరావు గారు. అంతకుముందు ఆయన గిడ్డంగుల శాఖలో చేశారు. బస్తాలు లోపలికి ఎలా పోవాలో ఆయనకి క్షుణ్ణంగా తెలుసు. బయటికి ఎలా రావాలన్నది వేరే సెక్షను చూసుకునేదట. వచ్చిన మర్నాడే ప్రయోగశాలలు చూస్తానన్నారు. ఆయన వెనక డిప్యూటీ డైరెక్టరు కామేశం గారు, ఆయన వెనక ప్యాడ్ పట్టుకుని నేను బయల్దేరాం.

కప్పల గదిలో రిజ్వానా ఉంది. తెనాలి అమ్మాయి, పరిశోధక విద్యార్థిని. ఐదేళ్లుగా ఆ గదే ఆమె ఇల్లు. ఒక గాజు తొట్టిలో అరచేతికి పట్టనంత పెద్ద ఆడకప్ప కూర్చుని ఉంది. దాని పేరు బేగం.

“ఇది ఆఫ్రికా జాతి కప్ప సార్. దీని గుడ్లలో ఒక ప్రొటీన్‌ని మైక్రోస్కోపు కింద ఆకుపచ్చగా మెరిసేట్టు చేశాం. అది ఎప్పుడేం చేస్తోందో కళ్లారా చూడొచ్చు. ఇలాంటి కప్ప ఇంకోటి లేదు. నా థీసిస్ అంతా దీని మీదే,” అంది రిజ్వానా.

“ఏం చేస్తుంది ఆ ప్రొటీను?” అన్నారు డైరెక్టరు గారు, బేగం వంక అనుమానంగా చూస్తూ.

“తల్లికప్ప గుడ్డు తయారుచేసేటప్పుడే, రేపు పుట్టబోయే పిల్లకి కావాల్సిన ఆర్డర్లన్నీ రాసి లోపల పెట్టేస్తుంది సార్. ఏ ప్రొటీన్ ఎప్పుడు తయారుకావాలన్న ఆర్డర్లు. కానీ అవి అప్పుడే అమలైపోతే గుడ్డు పాడైపోతుంది. అందుకని ఈ ప్రొటీన్ పోయి ఒక్కో ఆర్డరునీ పట్టుకుని నోరు నొక్కేస్తుంది. ఆర్డరు చివర తోకలాంటిది ఒకటి ఉంటుంది. దాన్ని కురచగా ఉంచేస్తుంది. తోక కురచగా ఉన్నంతకాలం ఆ ఆర్డరుని ఎవరూ చదవరు.”

“ఎంతకాలం?”

“నెలల తరబడి సార్.”

డైరెక్టరు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “కామేశం గారూ, విన్నారా? ఆర్డర్లన్నీ ఉన్నాయి. ఒక్కటీ అమలు కాలేదు. అయినా ఎక్కడా అలజడి లేదు, అప్పీలు లేదు, కోర్టు కేసు లేదు. ఇది కదా పరిపాలనంటే!”

“కప్పకున్న పాటి దూరదృష్టి మనకి లేకపోయింది సార్,” అన్నారు కామేశం గారు. ఆయన ఏ డైరెక్టరు దగ్గరైనా ఇలాగే అంటారు, జంతువే మారుతుంది.

“తర్వాత సంకేతం వస్తుంది సార్,” అంటోంది రిజ్వానా. “అప్పుడు అసలు విశేషం—”

అప్పుడే గంట ఒకటి కొట్టింది. ఆ రోజు అతిథి గృహంలో గోంగూర మాంసం చేయించారు. “మిగతా సగం మరోసారి విందాం,” అని డైరెక్టరు గారు నడిచారు. ఆ మరోసారి ఇంతవరకూ రాలేదు. మా విధానమంతా సగం పాఠం మీద నిలబడిందని గిట్టనివాళ్లు అనేది ఇందుకే.

ఆ రెండో సగం నేను విన్నాను. ప్యాడ్ నా దగ్గర ఉంది కాబట్టి రిజ్వానా నాకే చెప్పేసింది. “సంకేతం రాగానే, నోరు నొక్కిన ఆ ప్రొటీనే మనసు మార్చుకుంటుంది సార్. అదే దగ్గరుండి తోక పొడిగిస్తుంది. ఆపేదీ అదే, కదిలించేదీ అదే.” నేను తలూపాను. రాసుకోమని ఎవరూ చెప్పలేదు కనక రాసుకోలేదు.

వెళ్లబోతుంటే ఆమె ఇంకో మాట అంది. “సార్, మా చిల్లర్ ఆర్డరు ఎంతవరకూ వచ్చింది? నీళ్లు చల్లబరిచే మిషను పాడై వారమైంది. ఈ కప్పలు చల్లటి నీళ్లకి అలవాటుపడ్డవి. రోహిణి కార్తె వచ్చేలోపు బాగుచేయించకపోతే బేగం బతకదు.”

“డైరెక్టరు గారు పొద్దున్నే సంతకం పెట్టారమ్మా. డిస్పాచిలో ఉంది. రేపు మెకానిక్కు వస్తాడు,” అన్నాను. నిజమే చెప్పాను.

ఆ సాయంత్రమే సర్క్యులరు వచ్చింది.

“సంస్థలో పనిచేయుచున్న యావన్మందికీ ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, ప్రకృతిసిద్ధమైన అండ పరిపాలనా విధానము నేటినుండి ప్రవేశపెట్టబడినది. ఇకపై జారీ అగు సమస్త ఉత్తర్వులూ ముందుగనే తయారుచేసి, తోకలు కురచ చేసి, మాతృ భాండాగారమునందు భద్రపరచవలెను. తగు సంకేతము వచ్చినపుడు మాత్రమే తోక పొడిగించి అమలుపరచవలెను. ఏ ఒక్క ఉత్తర్వుకునూ మినహాయింపు లేదు.”

తోక అంటే ఏమిటో తేల్చడానికి ఒక సమావేశం జరిగింది. ప్రతి ఆర్డరునీ తెల్ల నాడాతో కట్టడం మా ఆఫీసులో ఎప్పట్నుంచో ఉన్నదే. ఆ నాడా వేలాడే కొసే తోక అని నిర్ణయించారు. మాతృ భాండాగారమంటే నా వెనక ఉన్న ఇనప బీరువా. ఇక నోరు నొక్కే ప్రొటీను పాత్రకి సీనియారిటీ ప్రకారం నన్ను తీసుకున్నారు. హోదా మౌనాధికారి. కొత్త కత్తెర ఒకటి, నాడా ఉండ ఒకటి, బీరువా తాళంచెవి ఇచ్చారు.

నేను ఉద్యోగంలో చేరాక ఎన్నో విధానాలు చూశాను. దేన్నీ కాదనలేదు. కత్తెర తీసుకుని డిస్పాచికి వెళ్లి, అక్కడున్న ఆర్డర్లన్నిటి తోకలూ వేలెడు మిగిల్చి కత్తిరించాను. చిల్లర్ ఆర్డరు అందులో అన్నిటికన్నా పైనుంది.

మర్నాడు రిజ్వానా నా బల్ల ముందు నిలబడింది. “సంతకం అయిపోయిందన్నారుగా సార్?”

“అయిందమ్మా. ఆర్డరు ఉంది. మౌనంగా ఉంది.”

“మీ బల్ల మీద నాడా ఉంది. జానెడు కట్టండి సార్. మెకానిక్కుని నేనే పిలుచుకొస్తా.”

“కత్తిరించడానికే నాకు అధికారముంది. కట్టడానికి లేదు. సంకేతం రావాలి.”

“దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదంటే ఏంటో అనుకున్నా సార్, ఇవాళ చూశా,” అని వెళ్లిపోయింది. నేను బాధపడలేదు. పూజారి ఉద్యోగం కూడా ఉద్యోగమే.

విధానం బ్రహ్మాండంగా నడిచింది. ఆర్డరు ఎలాగూ అమలుకాదు కనక రాయడానికి ఎవరికీ భయం లేకపోయింది. డైరెక్టరు గారు వచ్చే ఏడాది సెలవులు, సరుకు గేటు దాటించడానికి కావాల్సిన అవుట్‌పాసులు, అన్నీ అందరికీ ముందే మంజూరు చేశారు. ఇంకా రాని ఫిర్యాదులకి జవాబులు సిద్ధం చేయించారు. ఒక మంగళవారం ఊపులో సిబ్బంది మొత్తానికీ ప్రమోషన్లు ఇచ్చేశారు. ఆ రోజు ఆఫీసంతా ఒకరి చేయి ఒకరు పట్టుకుని అభినందించుకున్నాం. గుమాస్తాలు ఇంటికి ఫోన్లు చేశారు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఒకాయన కొత్త హోదాతో నేమ్‌ప్లేటు కూడా చేయించుకున్నాడు. మిఠాయిలు తెప్పించమని డైరెక్టరు గారు అప్పటికప్పుడు ఆర్డరు ఇచ్చారు. దాని తోక నేనే కత్తిరించాను. అంతా నోళ్లు తుడుచుకుని ఇళ్లకి వెళ్లాం.

ఒక రోజు క్యాషియరు మెల్లగా ఒక సందేహం తీశాడు. విధానం ప్రవేశపెట్టిన సర్క్యులరు కూడా ఉత్తర్వే కదా, మినహాయింపు లేదు కదా, దాని తోకా కత్తిరించి బీరువాలోనే పెట్టారు కదా, మరి విధానం అమల్లో ఉన్నట్టా లేనట్టా అని. డైరెక్టరు గారు కాసేపు ఆలోచించారు. “అమల్లో ఉన్నవాటిని ఎవరైనా పాటిస్తారు. అమల్లో లేనిదాన్ని పాటించడమే క్రమశిక్షణ,” అన్నారు. కామేశం గారు ఆ వాక్యాన్ని గోడకి రాయించాలని ప్రతిపాదించారు. ప్రతిపాదన బీరువాలో ఉంది.

ఈలోగా మే నెల వచ్చి కూర్చుంది. రిజ్వానా రోజూ స్కూటరు మీద గుంటూరు చేపల మార్కెట్టుకి పోయి, గోనెపట్టాలో ఐసు గడ్డలు తెచ్చి తొట్టెల్లో వేసేది. గేటు దగ్గర కాపలా ఉండే యేసోబు ఆ బస్తా దింపడంలో సాయం చేసేవాడు. అది కామేశం గారి కంట పడింది. వెంటనే రిజ్వానాని డైరెక్టరు గారి గదికి పిలిపించారు.

“లోపలికి ఘనపదార్థంగా వచ్చిన సరుకు, బయటికి నీళ్లుగా పోతోంది,” అన్నారు డైరెక్టరు గారు. గిడ్డంగుల మనిషి కదా, ఇలాంటివి ఆయనకి వెంటనే తడతాయి. “ఈ తరుగుకి బాధ్యులెవరు?”

“ఐసు కరిగిద్ది కదా సార్!”

“గిడ్డంగుల్లో ఇరవై ఏళ్లు చేశానమ్మా. తరుగుకి ప్రతివాడూ ఒక కారణం చెబుతాడు.”

రిజ్వానా కంఠం పెరిగింది. “సార్, తొట్టిలో నీళ్లు కాగుతున్నాయి. బేగం నాలుగు రోజుల్నుంచి మేత ముట్టట్లేదు. చచ్చిపోద్ది సార్ అది. దయచేసి ఆ సంకేతం ఎవరిస్తారో చెప్పండి. వాళ్ల కాళ్లు పట్టుకుంటా.”

ఆ ప్రశ్న అంతవరకూ ఎవరూ అడగలేదు. డైరెక్టరు గారు మాత్రం తడుముకోలేదు. “సంకేతాధికారిగా కామేశం గారిని మొదటి వారంలోనే నియమించాం.”

రిజ్వానా కామేశం గారి వైపు తిరిగింది. ఆయన పెన్ను మూత పెట్టుకుని, “నియమించారు. ఇంకా నియామకం కాలేదు,” అన్నారు.

“అంటే?”

నేను కల్పించుకుని చెప్పాల్సొచ్చింది. “ఆయన నియామకం ఆర్డరు కూడా బీరువాలోనే ఉందమ్మా. తోక కురచ. సంకేతం వస్తే అది పొడుగవుతుంది. అప్పుడాయన సంకేతాధికారి అవుతారు. అయ్యాక ఆయన సంకేతం ఇస్తారు.”

“ఆ మొదటి సంకేతం ఎవరియ్యాలి?”

“సంకేతాధికారే ఇవ్వాలి,” అన్నాం ముగ్గురం ఒక్కసారే. మా మధ్య ఇంత ఏకాభిప్రాయం అంతకుముందెప్పుడూ కుదరలేదు.

ఐసు నిషేధించారు. తర్వాత రిజ్వానా తడిపిన దుప్పట్లు తొట్టెల చుట్టూ కట్టి, అట్టముక్కతో విసురుతూ కూర్చునేది.

గోరుచుట్టు మీద రోకటిపోటులా అప్పుడే ప్రధాన కార్యాలయం నుంచి కబురొచ్చింది. ఆర్డర్ల నిల్వలో మా కేంద్రం అన్ని కేంద్రాలకన్నా ముందుందట. అధ్యక్షుల వారు స్వయంగా వచ్చి చూస్తారట. నచ్చితే ఈ విధానాన్ని అన్నిచోట్లా పెడతారట. డైరెక్టరు గారికి పై పదవి ఖాయమని కామేశం గారు లెక్కగట్టారు. కబురు చివర ఒక్క చిన్న మాట ఉంది, ఏదైనా ఒక ఆర్డరు మేల్కొనే దృశ్యాన్ని అధ్యక్షుల వారు కళ్లారా చూడాలనుకుంటున్నారని.

డైరెక్టరు గారు రిజ్వానాని మళ్లీ పిలిపించారు. ఈసారి కూర్చోమన్నారు.

“మీ కప్పలో సంకేతం అనేది ఏ రూపంలో ఉంటుందమ్మా?”

“హార్మోను సార్. ఇంజెక్షన్ చేస్తే రాత్రి గడిచేసరికి కప్ప గుడ్లు పెట్టిద్ది.”

“ఇంజెక్షన్!” డైరెక్టరు గారి మొహం వెలిగింది. “అది మన దగ్గరుందా?”

రిజ్వానా నోరు జారానని గ్రహించింది. “ఒక్క సీసానే ఉంది సార్. అది బేగం కోసం దాచా. చిల్లర్ రాదని తేలిపోయింది కదా. బేగం చచ్చిపోయే లోపు గుడ్లు పెట్టిస్తే, వాటిని బెంగుళూరు ల్యాబుకి పట్టుకెళ్లి బతికించుకోవచ్చు. ఇంక అదొక్కటే దారి. ఐదేళ్ల పని సార్.”

“సంస్థ విశాల ప్రయోజనాల దృష్ట్యా సదరు సీసాను స్వాధీనం చేసుకోవడమైనది. ఎల్లుండి పొద్దున పది గంటలకి అధ్యక్షుల వారి సమక్షంలో మాతృ భాండాగారానికి ఇంజెక్షన్.”

“బీరువాకా సార్?”

“గుడ్డు బయటికి మెత్తగా ఉంటే గుడ్డా, ఇనపదైతే కాదా? సూత్రం ముఖ్యం.”

మర్నాడు సాయంత్రం సీసా తీసుకు రమ్మని నన్ను పంపారు. కప్పల గది తలుపు దగ్గరకి వెళ్లేసరికి రిజ్వానా బేగంని తడిగుడ్డలో పట్టుకుని దానికి సూది వేస్తోంది. వేశాక దాన్ని తొట్టిలో వదిలి, పక్కన ఒక మగకప్పనీ వదిలింది. తర్వాత ఖాళీ సీసాలో ఉప్పునీళ్లు నింపి, మూత బిగించి, తుడిచి, వెనక్కి తిరిగింది. గుమ్మంలో నేనున్నాను.

 ఆ అమ్మాయి సీసాని నా వైపు చాపింది.

నేను మౌనాధికారిని. మాట్లాడటం నా విధుల్లో లేదు. సీసా తీసుకుని రసీదు ఇచ్చి వచ్చేశాను.

అధ్యక్షుల వారు వచ్చారు. బీరువాకి పసుపు బొట్లు పెట్టి, బంతిపూల దండ వేశారు. డైరెక్టరు గారు చేతికి తొడుగులు వేసుకుని సూది గుచ్చారు. ఇనుము కదా, వంగిపోయింది. రెండో సూదీ వంగింది. కామేశం గారు సమయస్ఫూర్తితో తాళంకన్ను చూపించారు. అందులోంచి ఉప్పునీళ్లన్నీ లోపలికి పోశారు. అంతా చప్పట్లు కొట్టారు.

“ఎంతసేపట్లో ఫలితం?” అన్నారు అధ్యక్షుల వారు.

“కప్పకి రాత్రంతా పడుతుంది సార్. బీరువా కప్పకన్నా సీనియరు. కొంచెం వ్యవధి ఇవ్వాలి,” అన్నారు డైరెక్టరు గారు.

అధ్యక్షుల వారు బీరువాకి చెవి ఆనించారు. వెనకనుంచి బల్లి టిక్కుటిక్కుమంది. “సత్యం, సత్యం!” అన్నారు కామేశం గారు. “ఏదో కదలిక ఉంది,” అన్నారు అధ్యక్షుల వారు తృప్తిగా. విధానాన్ని అన్ని కేంద్రాల్లోనూ, ప్రధాన కార్యాలయంలోనూ ఆ క్షణం నుంచే అమలు చేస్తున్నట్టు ప్రకటించారు. పరాంకుశరావు గారికి పదోన్నతి కూడా అక్కడే ప్రకటించారు. ఫోటోలు తీశారు.

అక్కణ్నించి ఊరేగింపుగా కప్పల గదికి వెళ్లారు. స్ఫూర్తినిచ్చిన కప్పని అధ్యక్షుల వారు చూడాలన్నారు. బేగం తొట్టి అడుగున కదలకుండా కూర్చుంది. దాని చుట్టూ ఆవగింజల్లాంటి గుడ్లు, లెక్కలేనన్ని. రిజ్వానా కొన్నిటిని మైక్రోస్కోపు కింద పెట్టింది. కళ్లు వాచిపోయి ఉన్నాయి కానీ మొహంలో వెలుగుంది.

డైరెక్టరు గారు వంగి చూశారు. “ఇదేమిటి, నడిమికి చీలింది!”

“ఒకటి రెండయింది సార్. ఇంకో అరగంటలో నాలుగవుతాయి. తర్వాత ఎనిమిది.”

“ఎవరి ఆర్డరు మీద?”

“తల్లి ఆర్డర్ల మీద సార్. ముందే రాసిపెట్టింది. ఇప్పుడు తోకలు పొడుగవుతున్నాయి. చూడండి, ఆ ఆకుపచ్చ మెరుపే మీకు ఆ రోజు చెప్పిన ప్రొటీను.”

“సంకేతం లేకుండా ఎలా పొడుగయ్యాయి? సంకేతాధికారి ఇంకా నియామకమే కాలేదు!”

రిజ్వానా తల వంచుకుంది. నేను కిటికీలోంచి మిరప చేలు చూస్తూ నిలబడ్డాను. అధ్యక్షుల వారి ముందు పరువు పోతుందని డైరెక్టరు గారు అక్కడే మెమో చెప్పారు, నేను రాసుకున్నాను. సదరు అండము ముందస్తు అనుమతి లేకుండా తనకు తానే రెండుగా విభజన చెందినట్లు గమనించడమైనది. ఇది తీవ్రమైన క్రమశిక్షణారాహిత్యము. విభజనను తక్షణమే నిలిపివేసి, సంజాయిషీ సమర్పించవలెను. మెమో టైపయ్యేసరికి అవి నాలుగయ్యాయి. తప్పు దిద్ది మళ్లీ కొట్టేసరికి ఎనిమిది. చివరికి “అనేకముగా” అని వేయించి సంతకం పెట్టించాం. తోక కత్తిరించి బీరువాలో పెట్టాను.

మధ్యాహ్నం మూడింటికి రోళ్లు పగిలే ఎండ. రోహిణి కార్తె వచ్చేసింది. కప్పల గదిలోంచి ఏడుపు వినపడి వెళ్లాను. బేగం తెల్లటి పొట్ట పైకి పెట్టి నీళ్ల మీద తేలుతోంది. తొట్టి అంచు పట్టుకుని రిజ్వానా భోరున ఏడుస్తోంది. నేను నీళ్లలో వేలు పెట్టి చూశాను. స్నానానికి పెట్టిన నీళ్లలా ఉన్నాయి.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీద అంటే చెప్పలేను. నా సీటుకి తిరిగొచ్చి కూర్చున్నాక, బల్ల మీద కత్తెరని చూస్తే కూడా కోపమే వచ్చింది.

కాసేపటికి గేటు దగ్గర మాటలు వినపడ్డాయి. రిజ్వానా భుజాన బ్యాగు, చేతిలో మూత బిగించిన ఐసు పెట్టె. అందులో ఫ్లాస్కు, ఫ్లాస్కులో బేగం పిల్లలు.

“అవుట్‌పాసు లేకుండా ఆఫీసు సరుకు బయటికి పోనీకూడదు మేడం. నా ఉజ్జోగం పోద్ది. పాసేమో బీరువాలో ఉందంట,” అంటున్నాడు యేసోబు, మొహం చిన్నబుచ్చుకుని.

“బెంగుళూరు రైలుకి టైమైపోతంది యేసోబూ! ఈ ఎండలో ఇయ్యి గంట కూడా ఆగవు. తల్లి ఎట్టాగూ పోయింది. పిల్లల్నన్నా పోనియ్యి!”

“నాకు మాత్రం లేదా మేడం బాధ? ఐసు బస్తాలు దించింది నేనేగా. తోక పొడుగున్న పాసు చూపియ్యండి, గేటేంటి, గోడైనా తీస్తా.”

నేను లేచి బీరువా తెరిచాను. లోపలంతా ఉప్పునీళ్ల తడి. రిజ్వానా అవుట్‌పాసు దొరికింది. దాని కింద చిల్లర్ ఆర్డరు దొరికింది. నాడా ఉండ తీసుకుని పాసుకి జానెడు ముక్క కట్టాను. చాలదనిపించి మూరెడు కట్టాను. చిల్లర్ ఆర్డరుకి బారెడు కట్టి డిస్పాచిలో ఇచ్చాను. బేగం పోయినా మిగతా కప్పలు ఉన్నాయి కదా. గేటు దాకా నడిచి వెళ్లి పాసు యేసోబు చేతికిచ్చాను.

వాడు తోకని మూరతో కొలిచి చూసుకున్నాడు. “పొడుగేనండీ!” అని గేటు బార్లా తీశాడు. రిజ్వానా నా వైపు ఒక్కసారి చూసి ఆటో ఎక్కేసింది.

చిల్లర్ మర్నాడే బాగయింది. మెకానిక్కుకి గంట పట్టింది. నా మీద దర్యాప్తుకి అదే ముఖ్య సాక్ష్యం. డైరెక్టరు గారు తొట్టిలో చెయ్యి పెట్టి, “చల్లగా ఉన్నాయి,” అని కామేశం గారి చేత రాయించారు.

“సంకేతం ఎవరిచ్చారు భీమశంకరం?” అన్నారు.

“ఎవరూ ఇవ్వలేదు సార్. ఆ రోజు మీరు భోజనానికి వెళ్లాక ఆ అమ్మాయి రెండో సగం చెప్పింది. గుడ్డులో నోరు నొక్కేదీ, తోక పొడిగించేదీ ఒకటే ప్రొటీనట. వేరే అధికారి ఉండడట సార్.”

“ఆ సగం నేను వినలేదు. నేను వినని సగం ఈ సంస్థకి వర్తించదు,” అని నన్ను సస్పెండు చేస్తూ అక్కడికక్కడే ఆర్డరు మీద సంతకం పెట్టారు.

ఏ ఒక్క ఉత్తర్వుకీ మినహాయింపు లేదు. నా సస్పెన్షన్ ఆర్డరు తీసుకుని, కత్తెరతో తోక వేలెడు మిగిల్చి కత్తిరించి, బీరువాలో పెట్టి తాళం వేశాను. వచ్చి నా సీట్లో కూర్చున్నాను. జీతం సక్రమంగా వస్తోంది.

బెంగుళూరు నుంచి రిజ్వానా మొన్న ఫోటో పంపింది. చీకట్లో ఆకుపచ్చగా మెరుస్తున్న చిన్న చిన్న తోకకప్పలు. తోకలు మాత్రం బాగా పొడుగ్గా ఉన్నాయి. నేను ఫోటో యేసోబుకి కూడా చూపించాను.

పరాంకుశరావు గారి పదోన్నతి ఆర్డరు ప్రధాన కార్యాలయం నుంచి వచ్చింది. విధానం అక్కడా అమలవుతోంది కనక కురచ తోకతోనే వచ్చింది. నా సస్పెన్షన్ మీద దాన్ని పెట్టాను. విధానాన్ని రద్దు చేస్తూ ఆయన ఇంకో ఆర్డరు రాసిచ్చారు. దాని తోక కత్తిరించి పైన పెట్టాను. ఈమధ్య ఆయన గదిలో ఏసీ కూడా పాడైంది. మరమ్మతు ఆర్డరు అన్నిటికన్నా పైనుంది.

రోజూ మధ్యాహ్నం ఆయన చెమట తుడుచుకుంటూ నా బల్ల దగ్గరకి వస్తారు. కామేశం గారు వెనక విసనకర్రతో వస్తారు. డైరెక్టరు గారు నాడా ఉండ వంక చూస్తారు.

“జానెడు చాలు భీమశంకరం,” అంటారు.

నేను లేచి నిలబడి, చేతులు కట్టుకుని చెబుతాను. “ఆర్డరు ఉంది సార్. సంకేతమే ఇంకా రాలేదు.”